నాలుగు వేళ్ల సందు

ఏప్రిల్ 6

ఇది ఆర్డర్ల పుస్తకం. ముందు పేజీల్లో కొలతలుంటాయి. వెనక పేజీల్లో ఇకనుంచి నేనుంటాను. ఇంట్లో ఏ కాగితం ముక్క కనబడినా చదివేసే పిన్ని, కొలతలున్న పుస్తకం జోలికి మాత్రం రాదు.

ఆదివారం సర్వేయరుగారు వడ్రంగి షాపుకొచ్చారు. భోజనం బల్ల ఒకటి కావాలన్నారు. మామూలు రోజుల్లో నలుగురికి సరిపోవాలి. చుట్టాలొస్తే రెండు సగాలనూ చెరోవైపు లాగి, మధ్యలో ఇంకో పలక వేసుకుంటే ఎనిమిదిమంది కూర్చోగలగాలి. గది కొలతలు, తలుపు కొలతలు, కిటికీ ఎత్తు కూడా రాసుకొచ్చారు. భూములు కొలిచే మనిషి కదా. అన్నీ చెప్పి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, గొంతేమీ మార్చకుండా, "ఆ నలుగురిలో మీరొకరైతే బాగుంటుంది" అన్నారు.

రంపం నా చేతిలోనే ఉండిపోయింది.

ఆయన భార్య పోయి ఆరేళ్లయింది. ఇంట్లో ఇప్పుడు ముగ్గురు: ఆయన, ఇరవయ్యేళ్ల కూతురు, అత్తగారు. అత్తగారంటే పోయినావిడ తల్లి. నాలుగో కుర్చీ నాదన్నమాట. నాకు నలభై ఏడు. నాన్న పోయాక పంతొమ్మిదేళ్లుగా ఈ షాపు నేనే నడుపుతున్నాను.

"ముందు బల్ల కానివ్వండి" అన్నాను.

"ఎన్నాళ్లు పడుతుంది?"

"చెక్క ఎండాలి."

సరేనన్నారు. వెళ్లేటప్పుడు గుమ్మం వెడల్పు చూపుతోనే కొలుచుకుంటూ వెళ్లారు. బల్ల బయటికెలా వస్తుందా అని కాబోలు.

ఏప్రిల్ 7

చెక్క నిజంగానే ఎండాలి.

ఏప్రిల్ 15

టేకు పలకలు గోడ పక్కన పేర్చాను. ఒకదానికొకటి తగలకుండా మధ్యలో సన్నటి బద్దలు పెట్టాను, గాలి ఆడటానికి.

మధ్యాహ్నం పిన్ని క్యారియర్ తెచ్చింది. అమ్మ పోయినప్పటి నుంచి నన్ను పెంచింది ఈ పిన్నే, అమ్మ చెల్లెలు. ముప్ఫై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసింది. ఎదుటివాళ్లు చెప్పని మాట కూడా ఆవిడ చెవిన పడుతుంది. నేను ఎప్పటిలాగే పనిబల్ల దగ్గర నిలబడి, ఒక చేత్తో డబ్బా పట్టుకుని తింటున్నాను.

"ఊళ్లో అందరికీ భోజనం బల్లలు చేసిపెడతావు. నువ్వు మాత్రం గుర్రంలా నిలబడి తింటావు" అంది.

"అలవాటైపోయింది."

"సర్వేయరు ఏమన్నాడు?"

"బల్ల కావాలన్నారు."

"ఇంకా?"

"ఎనిమిదిమందికి."

పిన్ని డబ్బాలు సర్దుకుని వెళ్లిపోయింది. ఆవిడ ఏమీ అనకపోతే నాకు భయం.

ఏప్రిల్ 28

ఈరోజు సర్వేయరుగారి అత్తగారు వచ్చారు. చేతికర్ర తప్ప వెంట ఎవరూ లేరు. ముక్కాలి పీట మీద కూర్చుని షాపంతా ఓసారి కలయజూశారు.

"నా అల్లుడికి రెండో పెళ్లి చేద్దామని బయల్దేరాను. ఇలాంటి పని మీద తిరిగే అత్తగారిని నువ్వెక్కడైనా చూశావా?"

"లేదండి."

"నేనూ చూళ్లేదు. అందుకే ఎలా మాట్లాడాలో తెలీడం లేదు. చెక్క ఎండిందా?"

సర్వేయరుగారు నా జవాబును ఇంట్లో ఉన్నదున్నట్టు చెప్పేశారన్నమాట. ఇంకా తడి ఉందన్నాను. ఆవిడ కర్ర చివరతో పలకను టకటకా కొట్టి, తలొంచి విన్నారు. డాక్టరు ఛాతీ చూసినట్టు.

"మావాడు వంకరవాడు కాదమ్మా. కాకపోతే ప్రతిదీ రెండుసార్లు కొలుస్తాడు. ఉప్పు కూడా."

టీ ఇచ్చాను. తాగి, ఖాళీ గ్లాసు ఒళ్లో పెట్టుకున్నారు.

"మా అమ్మాయి పోయాక నన్ను మా అన్నయ్య ఇంట్లో దింపేస్తాడనుకున్నాను. పెట్టె కూడా సర్దుకున్నాను. వచ్చి, పెట్టెలో బట్టలన్నీ తీసి మళ్లీ బీరువాలో పెట్టాడు. మడతలు వేయడం రాదు, అన్నీ ఉండలు చుట్టి పెట్టాడు." కొంగుతో గ్లాసు అంచు తుడిచి ఇచ్చారు. "ఇది నీకు తెలియాలనిపించింది. అంతే."

ఆవిడ వెళ్లాక ఒక పలకను రెండుసార్లు తప్పు కొలిచాను.

మే 9

ముసలావిడ మళ్లీ వచ్చారు. బల్లకి ఇంతకాలం ఎందుకు పడుతోందో వివరంగా చెప్పమన్నారు. చెప్పాను.

చెట్టు నుంచి కోసినా చెక్క నీళ్లు తాగడం మానదు. గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. పొడుగు మారదు. చెక్కలో కనబడే గీతలకు అడ్డంగా, వెడల్పులోనే ఆ పెరగడం తరగడం అంతా. ఈ బల్ల పలకల్లో గీతలు అడ్డంగా ఉంటాయి, కింద జారే పట్టాలు నిలువుగా ఉంటాయి. పలక పెరుగుతానంటుంది, పట్టా పెరగనంటుంది. అందుకని పట్టాను పలకకు బిగించే రంధ్రాలు గుండ్రంగా తొలవకూడదు. చిక్కుడుగింజలా కాస్త పొడుగ్గా తొలవాలి. అప్పుడు స్క్రూ ఆ సందులో అటూ ఇటూ జరుగుతుంది, పలక తన మానాన పెరుగుతుంది. ఇది నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం. తొమ్మిదేళ్లప్పుడు.

"అయితే బిగించాలి, కానీ మరీ బిగించకూడదు" అన్నారావిడ.

"అంతే."

"ఇది తెలిసిన మనిషివి, నీకింత భయమేంటమ్మా?"

చెక్క సంగతే అనుకున్నట్టు పలక తిప్పి రెండోవైపు చూపించాను.

మే 17

గది చూడటానికి వాళ్లింటికి వెళ్లాను. సర్వేయరుగారు ఇచ్చిన కొలతలు వెంట్రుకవాసి కూడా తప్పవని తెలుసు. అయినా వెళ్లాను. గోడలు ఎటు వంగి ఉన్నాయో చూసుకోవాలి కదా.

తలుపు తీసింది కూతురు. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతోంది. పాత బల్ల మీద పుస్తకాలు పరుచుకుని ఉంది. చిన్న బల్ల, ఒక కాలు కదులుతోంది. దాని కింద అట్టముక్క పెట్టారు.

"మేం తినేది ముగ్గురమే. ఈ బల్ల చాలు మాకు" అంది, పుస్తకంలోంచి తలెత్తకుండా.

"అవును, చాలు" అన్నాను.

ఆ జవాబు వస్తుందనుకోలేదేమో, తలెత్తింది. కొలిచాను, వచ్చేశాను. మంచినీళ్లు ఇవ్వలేదు. నేను అడగనూ లేదు.

మే 24

పట్టాలు బిగించాను. సర్వేయరుగారు వచ్చారు. రెండు గంటలు కూర్చున్నారు. కొండ మీద కొలత గొలుసు పట్టుకుని జారిపడి, గొర్రెల మంద మధ్యలో తేలిన సంగతి చెప్పారు. పని బాగా సాగింది.

మే 25

గొర్రెల కాపరి ఆయన్ని కూడా లెక్కపెట్టాడట.

జూన్ 8

బల్ల వాళ్లింటికి చేరింది. లాగితే వెన్నలా జారింది. నడిమి పలక వేశాను, తీశాను, మళ్లీ వేశాను. ముసలావిడ ఎనిమిది చోట్లా కూర్చుని చూశారు. కూతురు తన గదిలోనే ఉంది. పాత బల్ల ఇప్పుడు ఆ గదిలోకి వెళ్లింది.

సర్వేయరుగారు నన్నేమీ అడగలేదు. బల్ల మాత్రం బాగుందన్నారు. అడుగుతారని నేనేమీ ఎదురుచూడలేదు.

గుమ్మం దాటుతుంటే చెప్పారు: ఇరవై రెండున వాళ్ల అక్కగారు, బావగారు భోజనానికి వస్తున్నారట. నేనూ పిన్నీ రావాలట. అక్కగారు ఒక ఆడవాళ్ల కాలేజీకి ప్రిన్సిపాలు. నన్ను చూడటానికి కాదట, బల్ల చూడటానికట. ఆయనకి అబద్ధం చెప్పడం చేతకాదు, చెవులు ఎర్రబడతాయి.

జూన్ 19

నిన్నటి నుంచి వాన. ఆగడం లేదు.

జూన్ 22

రాయాలని లేదు. అయినా రాస్తాను.

మొత్తం ఏడుగురం. ప్రిన్సిపాలుగారు వస్తూనే నన్ను పైనుంచి కిందికి చూశారు, పరీక్ష హాల్లో జేబులు తడిమినట్టు. "టేబుల్ చేసింది మీరేనా?" అన్నారు. అవునన్నాను. "ఏదీ, తెరవండి చూద్దాం."

ఒక చివర సర్వేయరుగారు, ఇంకో చివర వాళ్ల బావగారు పట్టుకుని లాగారు. నాలుగు వేళ్ల మందం జరిగింది. ఆగిపోయింది. మళ్లీ లాగారు. కదల్లేదు. మూయబోయారు. మూతపడలేదు. బావగారు కాలు గోడకి తన్నిపెట్టి లాగారు. ఆయన చొక్కా గుండీ ఊడొచ్చింది కానీ బల్ల రాలేదు.

"చేయడం మీరు చేశారు. తెరవడం ఎవరు చేస్తారు?" అన్నారు ప్రిన్సిపాలుగారు.

నేను కింద దూరి పట్టాలు చూశాను. మధ్యలోకి వంగిపోయి ఉన్నాయి. పైకి రావాలనిపించలేదు. భోజనం అయ్యేదాకా అక్కడే ఉండిపోవచ్చేమో అనుకున్నాను. ఇంతలో ముసలావిడ కర్రతో నా మడమ మీద తట్టారు.

"లేమ్మా. అన్నం చల్లారిపోతోంది. ఉన్నదాంట్లో సర్దుకుందాం."

నలుగురి బల్ల చుట్టూ ఏడుగురం కూర్చున్నాం. మధ్యలో నాలుగు వేళ్ల సందు. ఇటు ముగ్గురు, అటు నలుగురు. ఎవరి మోచెయ్యి ఎవరిదో తెలియలేదు. ముసలావిడ అవతలివైపు వాళ్లతో, "ఆ ఒడ్డుకి పప్పు అందిందా? ఈ ఒడ్డుకి కాసిని నీళ్లు పంపించండి" అంటూ వడ్డన నడిపించారు. బావగారు గిన్నె అందించినప్పుడల్లా పడవవాడిలా ఓ కూత పెట్టారు. ప్రిన్సిపాలుగారు పళ్లెం సందుకి దూరంగా జరుపుకుంటూ జరుపుకుంటూ దాదాపు ఒళ్లో పెట్టుకుని తిన్నారు.

ఇంతలో కూతురి చెంచా సందులోంచి జారి కింద పడింది.

నా పక్కన పిన్ని ఒక్క క్షణం ఆగి, ఎక్స్ఛేంజి గొంతుతో, "మీకో చెంచా వచ్చింది. లైన్లో ఉండండి" అంది.

ఆ అమ్మాయి నవ్వింది. చిన్నగా మొదలైంది, ఆపుకోలేకపోయింది. బల్ల మీద తల పెట్టి నవ్వింది. ముసలావిడ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఆ అమ్మాయి తల్లి నవ్వు కూడా అచ్చం అలాగే ఉండేదని, ఆ ఇంట్లో ఆ చప్పుడు విని ఆరేళ్లయిందని, తర్వాత గేటు దగ్గర సర్వేయరుగారు నాతో చెప్పారు.

నేను గంటంపావు కూర్చుని తిన్నాను. లేవడానికి సందు లేదు.

జూన్ 23

భోజనం బల్ల చేయడమే రాలేదు నాకు. ఇంకా ఆ ఇంట్లో కూర్చోవడం ఒకటా. రేపు వెళ్లి వద్దని చెప్పేస్తాను.

జూన్ 24

వెళ్లాను. వాక్యం దారి పొడుగునా తయారుచేసుకున్నాను. "బల్ల వెనక్కి తీసుకెళ్తానండి. అలాగే మీరడిగిన రెండోది కూడా..." అన్నాను. తర్వాతి మాట రాలేదు.

సర్వేయరుగారు ఆగి చూశారు. నేను పూర్తి చేయకపోయేసరికి ఆయనే అన్నారు: "బల్ల తీసుకెళ్లండి. రెండోది ఇక్కడే ఉంచుతాను. దానికి తొందర లేదు."

బల్ల తెచ్చాను. విప్పాను. పట్టాల్లో పన్నెండు రంధ్రాలు. పన్నెండూ గుండ్రం. తొమ్మిదేళ్లప్పుడు నేర్చుకున్న పాఠం. పాడు వాన వచ్చి పలకలు ఉబ్బాయి, జరగడానికి చోటు లేక పట్టాలను వంచేశాయి. ఇన్నేళ్లలో ఒక్కసారీ ఇలా చేయలేదు. ఎలా జరిగిందో అర్థం కావడం లేదు.

జూన్ 25

పొద్దున్న పుస్తకం తెరిస్తే, నిన్న రాసినదాని కింద పెన్సిల్‌తో ఇలా ఉంది:

"మే 24 చూడు. పట్టాలు బిగించిన రోజు. రెండు గంటలు, గొర్రెల మంద. ఇంకా అర్థం కాలేదా? నీ దస్తూరి ఏం బాగుపడలేదు. — పిన్ని."

జూన్ 25, సాయంత్రం

"ఎప్పటి నుంచి చదువుతున్నావు?" అని అడిగాను.

"ఏప్రిల్ ఏడు నుంచి. ఆరోది తర్వాత చదివాను."

కోపం రావాలి. రాలేదు. ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఎదురుగా కూర్చున్నాను.

"చెక్క సంగతి పుస్తకం నిండా రాశావు" అంది. "అసలు సంగతి ఒక్క ముక్కైనా రాస్తావేమోనని రోజూ వెతుకుతున్నాను."

"ఏం సంగతి?"

"నువ్వే చెప్పు."

చెప్పాను. ఇంట్లో మేమిద్దరమే. నేను వెళ్లిపోతే క్యారియర్ ఎవరికి కడుతుంది, చదవడానికి ఎవరి కాగితాలు దొరుకుతాయి, మోకాలు పట్టేసిన రోజున ఎవరిని పిలుస్తుంది. ఇవన్నీ నోటితో అంటుంటే ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదో తెలిసింది. రాస్తే నిజమైపోతుందని.

పిన్ని చేట పక్కన పెట్టింది.

"నన్ను అడ్డం పెట్టుకోకు. అరవై ఎనిమిదేళ్లు నాకు. అడ్డం నిలబడే ఓపిక లేదు. ఆ ఇల్లు ఇక్కడికి రెండు వీధులు. నేను కేకేస్తే వినబడుతుంది. ఎక్స్ఛేంజి గొంతు." తర్వాత కాస్త తగ్గించి, "నువ్వు లేకపోతే బెంగగా ఉంటుంది. ఉండనీ. బెంగ పెట్టుకోవడానికి నాకూ ఒకళ్లుండాలి కదా" అంది.

ఇద్దరం కలిసి బియ్యం ఏరాం. ఒక్క రాయి కూడా దొరకలేదు. పొద్దున్నే ఏరేసిందట.

జూన్ 30

పాత పట్టాలు పారేసి కొత్తవి చేశాను. పన్నెండు రంధ్రాలు, చిక్కుడుగింజలు. వాన పడుతుండగానే బిగించి చూశాను, జారింది. ఎండ వచ్చిన రోజు మళ్లీ చూడాలి.

సర్వేయరుగారు వచ్చారు. గుమ్మం దగ్గరే నిలబడ్డారు.

"లోపలికి రానా, పని పాడవుతుందా?"

ఎవరు చెప్పారో అడగలేదు. మా ఇంట్లో ఫోను ఒకరికే బాగా పనికొస్తుంది.

"రంధ్రాలు తొలవడం అయిపోయింది, బరమా పక్కన పెట్టేశాను. రండి" అన్నాను.

జూలై 4

కూతురు వచ్చింది, షాపుకి. ఇదే మొదటిసారి. బయట వాన చూస్తున్నట్టు కాసేపు నిలబడింది.

"పాత బల్ల కాలు బాగా కదులుతోంది. రాస్తుంటే అక్షరాలు వంకరపోతున్నాయి. చూస్తారా?"

వెళ్లాను. కాలు జిగురు విడిచింది, అంతే. తీసి, పాత జిగురు గీకి, కొత్తది పెట్టి బిగించాను. ఆ అమ్మాయి మంచం మీద కూర్చుని చూస్తోంది. బల్ల పైభాగం మీద సిరా మరకలు, గిన్నె కాలిన గుండ్రటి మచ్చ.

"పైన చిత్రిక పడతారా?" అంది. మామూలుగా అడిగినట్టే అడిగి, మంచం మీంచి లేచి ఆ మచ్చ మీద చెయ్యి వేసింది.

"పట్టను. పైన ఏమీ పాడవలేదు."

"ఆ మచ్చ అమ్మ చేసింది. గిన్నె దింపి పెట్టి, మర్చిపోయి ఫోన్లో మాట్లాడుతూ కూర్చుంది. నాన్నకి కనబడకుండా రెండు నెలలు దాని మీద పత్రిక కప్పి ఉంచింది."

"మీ నాన్నగారు కనిపెట్టలేదా?"

"మొదటి రోజే చూశారట. పత్రిక ఎన్నాళ్లుంటుందో చూద్దామని ఊరుకున్నారట."

ఇద్దరం నవ్వుకున్నాం. రేపటిదాకా కాలు మీద బరువు పెట్టొద్దన్నాను. తలూపింది. మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగాను. దాహం లేదు, అయినా గ్లాసు మొత్తం తాగాను.

జూలై 11

మూడు రోజులుగా ఎండ. బల్ల జారుతోంది. వానలోనూ జారింది, ఎండలోనూ జారుతోంది. ఇక దాన్ని ఇక్కడ ఉంచుకోవడానికి నా దగ్గర కారణాలు లేవు. రెండు రోజులు వెతికాను.

జూలై 13

పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. బల్ల పెట్టేచోట నేల ఎగుడుదిగుడుగా ఉంది, కాళ్ల కింద సరిచేయాలి. ముసలావిడ కుర్చీలోంచి సలహాలిస్తున్నారు. కూతురు చీపురు తెచ్చి తుడుస్తోంది. సర్వేయరుగారు రసమట్టం పెట్టి, కన్ను మూసి, నేలను తప్పుపడుతున్నారు.

ట్రాలీ డ్రైవరుకి ఫోను చేశాను. పదిహేనేళ్లుగా నా సామాను మోసేది అతనే. షాపులో బల్ల ఎక్కించుకున్నావా అంటే ఎక్కించానన్నాడు. ఎక్కడికి తేవాలన్నాడు.

"మా ఇంటికి తెచ్చెయ్" అని పెట్టేశాను.

అరగంటైంది. ట్రాలీ రాలేదు. ముప్పావు గంటైంది. ఫోను మోగింది. పిన్ని. నా చేతులు తడిగా ఉన్నాయని కూతురు ఫోను తీసి స్పీకరు నొక్కింది.

"ఇక్కడికో బల్ల వచ్చింది" అంది పిన్ని. "మా ఇంటికి తెచ్చెయ్ అన్నావట. ఇతను మనింటికి తెచ్చాడు. నువ్వు లేవు. నువ్వు అన్న 'మా ఇల్లు' ఎక్కడో కాస్త అడ్రసు చెప్తావా? ఇతను రాసుకుంటాడు."

గదిలో ఎవరూ కదల్లేదు. రసమట్టంలో బుడగ కూడా కదలలేదనుకుంటాను.

"పిన్నీ, ఫోను స్పీకరులో ఉంది" అన్నాను.

"తెలుసు. ప్రతిధ్వని వస్తోంది. అడ్రసు చెప్పు."

చెప్పాను. వీధి పేరు, ఇంటి నంబరు, గేటు రంగు. డ్రైవరుకి వినబడేలా పిన్ని ఒక్కో ముక్కా తిరిగి చదివింది. చివర్లో, "కన్‌ఫర్మ్ చేస్తున్నాను. అదే కదా మీ ఇల్లు?" అంది.

"అదే."

"థాంక్యూ" అని పెట్టేసింది.

ముసలావిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, "అడ్రసు కరెక్టుగానే చెప్పింది" అన్నారు, ఎవరితోనో చెప్తున్నట్టు. కూతురు చీపురు పట్టుకుని లోపలికి వెళ్లి, ఎనిమిదిమంది బల్లకి ఆరు కుర్చీలు చాలవని, తన గదిలో కుర్చీ కూడా తెచ్చి వేసింది. ఆయన మాత్రం నేల వైపే చూస్తున్నారు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

ట్రాలీ వచ్చింది. ముందు సీట్లో డ్రైవరు పక్కన పిన్ని, ఒళ్లో క్యారియర్.

బల్ల దించాం, నిలబెట్టాం. లాగాను. ఒక్క చేత్తో తెరుచుకుంది. నడిమి పలక వేశాను. ముసలావిడ ఒక చివర, పిన్ని ఇంకో చివర కూర్చుని, ఎంత దూరం నుంచి అరవాల్సి వస్తుందో పరీక్షించుకున్నారు. ఇద్దరికీ కుదిరిపోయింది, ఇక ఆ ఇంట్లో నా మాట వినబడదు. అంతా తినేశాక పలక తీసి మూసేశాం, మామూలు రోజుల బల్లలా.

మెట్ల దగ్గర ఆయన నేల సరిచేయగా మిగిలిన చెక్కముక్కలు ఏరుకుంటున్నారు. వెళ్లి పక్కన నిలబడ్డాను. ఈసారి వాక్యమేదీ ముందు తయారుచేసుకోలేదు.

"రిజిస్ట్రారు ఆఫీసు ఎన్నింటికి తెరుస్తారండి?" అని అడిగాను.

తలెత్తలేదు. ఆలోచించనూ లేదు.

"పదిన్నరకి" అన్నారు. "గేటు మాత్రం పదింపావుకే తీస్తారు. మూడుసార్లు వెళ్లి చూశాను."